అతుకు లేని పట్టీ

1943లో జాక్ కూస్టో, ఎమిల్ గాన్యాన్ నీటిలో ఊపిరి పీల్చుకునే ఆక్వాలంగ్ తయారుచేసినప్పుడు పేరంతా గాలిని అదుపు చేసే రెగ్యులేటర్‌కే దక్కింది. సిలిండర్లను వీపుకు కట్టే పట్టీలను పట్టించుకున్నవాళ్లు తక్కువ. మొదట్లో అవి సిలిండర్లకే నేరుగా బిగించిన గుడ్డ పట్టీలు. తర్వాత ప్లాస్టిక్ పలకలొచ్చాయి. 1971లో స్కూబాప్రో కంపెనీ గాలి నింపే జాకెట్ తెచ్చింది. పోనుపోను జాకెట్ భుజాలకు నొక్కితే ఊడే ప్లాస్టిక్ బకిళ్లు చేరాయి. అద్దె దుకాణాలకు అంతకన్నా ఏం కావాలి, ఒకే జాకెట్ ఎవరొచ్చినా సరిపోతుంది.

ఉత్తర ఫ్లోరిడా నీటి గుహల్లో దిగేవాళ్లకు ఆ బకిళ్లంటేనే బెంగ. అక్కడ తలపైన సున్నపురాయి కప్పు. ఏది విరిగినా పైకి తేలే వీల్లేదు, వచ్చిన దారినే ఈదుకుంటూ పోవాలి.

1970ల చివర్లో గ్రెగ్ ఫ్లానగన్ వీపున ఉండే లోహపు పలకకు, అంటే బ్యాక్‌ప్లేట్‌కు, రూపమిచ్చాడంటారు. విలియం హోగార్త్ మెయిన్ దాని పట్టీల్లో అక్కర్లేనివన్నీ ఒక్కొక్కటే తీసేశాడు. మిగిలింది రెండంగుళాల వెడల్పు నైలాన్ పట్టీ. ఒక నడుం కొస నుంచి బయల్దేరి, పలక కింది కంతలో దూరి, భుజమెక్కి, మెడ వెనక పై కంతలు దాటి, రెండో భుజం మీదుగా అవతలి నడుం కొసకు దిగుతుంది. మధ్యలో ఎక్కడా తెగదు. బకిల్ నడుం దగ్గర ఒక్కటే. ఈ అమరికకు ‘హోగార్థియన్’ అని ఆయన పేరే స్థిరపడింది.

చిక్కల్లా కొలతలోనే. భుజాల దగ్గర బకిల్ లేదు కాబట్టి సర్దడమంటే కంతల్లో బిర్రుగా ఉన్న పట్టీని ఒడ్డునే అంగుళం అంగుళం లాగడం. కొత్తవాళ్లు దాదాపు అందరూ బిగించేస్తారు. ఛాతీకీ పట్టీకీ మధ్య చెయ్యి సులువుగా దూరాలి. లేకపోతే మెడ వెనకున్న వాల్వు అందదు. లీకయ్యే వాల్వును అక్కడికక్కడే కట్టేయలేనివాడికి గుహలో పనిలేదు. మరీ వదులైతే పలక పక్కకు ఒరుగుతుంది. పల్చటి వెట్‌సూట్‌కు కుదిరిన కొలత మందపాటి దానికి కుదరదు, మళ్లీ లాగాల్సిందే.

పలక మెడవైపు జరగకుండా ఆపేది తొడల మధ్య పట్టీ. దాని ముందున్న డి-రింగుకు నీటి కింద మనిషిని లాక్కెళ్లే ఎలక్ట్రిక్ స్కూటర్ తాడు తగిలిస్తే లాగుడంతా తుంటి మీద పడి చేతులకు శ్రమ తప్పుతుంది. ఉత్తర ఫ్లోరిడాలోనే ఉన్న వకుల్లా నీటి సొరంగాల్లో మైళ్ల దూరం వెళ్లేవాళ్లకు ఇది లేకుండా గడవదు.

గుహల పద్ధతి తర్వాత మామూలు సముద్రపు డైవర్లకూ పాకింది. కంపెనీలు ఊరుకుంటాయా? అదే స్టీలు పలకకు మళ్లీ భుజం బకిళ్లూ, మెత్తటి ప్యాడ్లూ తగిలించి ‘డీలక్స్’ పేరుతో ఎక్కువ ధరకు అమ్ముతున్నాయి.