బ్రహ్మచర్యానికో బడ్జెట్ పద్దు

1966లో ఉత్తర వియత్నాం చెరలో ఉన్న అమెరికా నౌకాదళ పైలట్ జెరెమయా డెంటన్‌ను టీవీ కెమెరా ముందు కూర్చోబెట్టారు. అడిగినవాటికి నోటితో జవాబిస్తూనే, కనురెప్పలు ఆర్పుతూ మోర్స్ కోడ్‌లో ‘టార్చర్’ అన్న మాట బయటి ప్రపంచానికి చేరవేశాడాయన. ఏడేళ్లకు పైగా బందీగా ఉండి తిరిగొచ్చిన ఆ మనిషి 1980లో అలబామా నుంచి సెనేటర్‌గా గెలిచాడు. వాషింగ్టన్‌లో పట్టుబట్టి సాధించిన పనికి మాత్రం యుద్ధంతో సంబంధం లేదు. అది పెళ్లికాని పిల్లల నడవడిక.

డెంటన్ తెచ్చిన 1981 చట్టాన్ని గిట్టనివాళ్లు ‘శీల చట్టం’ అని వెక్కిరించారు. పెళ్లి దాకా శృంగారానికి దూరంగా ఉండమని టీనేజి పిల్లలకు చెప్పే కార్యక్రమాలకు కేంద్రం సొమ్ము అప్పుడే మొదలైంది. అయితే అది సొంత కాళ్ల మీద నెగ్గిన చట్టం కాదు, అధ్యక్షుడు రేగన్ నాటి భారీ బడ్జెట్ బిల్లులో ఒక ముక్క. మతసంస్థలకూ డబ్బు పోతోందని కొందరు కోర్టుకెక్కితే, 1988లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో చట్టాన్ని నిలబెట్టింది.

పెద్ద సొమ్ము 1996లో వచ్చింది, అదీ పేదల సంక్షేమ చట్టంలో దూరి. సంతకం పెట్టింది డెమోక్రాట్ క్లింటన్. ఏటా 5 కోట్ల డాలర్లు. కేంద్రం 4 డాలర్లిస్తే రాష్ట్రం 3 కలపాలి. పాఠం ఎలా ఉండాలో ఎనిమిది అంశాలుగా చట్టంలోనే రాసేశారు. దాంపత్యంలో ఒకరికొకరు కట్టుబడి ఉండటమే ఆశించదగిన ప్రమాణమని వాటిలో ఒకటి. పెళ్లికి బయటి శృంగారం ఒంటికీ మనసుకూ చేటు చేసే అవకాశం ఎక్కువని మరొకటి. బడి చదువుల్లో కేంద్రం వేలు పెడితే అంతెత్తున లేచే రిపబ్లికన్లకు ఈ ఎనిమిదింటిలో వేలు కనపడకపోవడం చిత్రమే. కాలిఫోర్నియా మాత్రం మొదటి నుంచీ ఆ డబ్బు ముట్టలేదు. అలాంటి ప్రయోగం తనే చేసి, ఫలితం లేదని అప్పటికే తేల్చుకుంది.

ఈ పాఠాలు పనిచేస్తున్నాయో లేదో చూడమని అమెరికా కాంగ్రెసే అధ్యయనానికి పురమాయించింది. నాలుగు కార్యక్రమాలు, రెండు వేలకు పైగా పిల్లలు; ఎవరికి పాఠం, ఎవరికి వద్దు అన్నది లాటరీ పద్ధతిలో. కొన్నేళ్లు ఆగి అడిగారు. 2007లో ఫలితం వచ్చింది: పాఠం విన్నవాళ్లలోనూ విననివాళ్లలోనూ దాదాపు సగం మంది అప్పటికీ శృంగారానికి దూరంగానే ఉన్నారు. మొదటి అనుభవం సగటు వయసు రెండు వైపులా 14.9 ఏళ్లే. విమర్శకుల భయమూ నిజం కాలేదు, పాఠం విన్నవాళ్లు జాగ్రత్తలు మానేసిన దాఖలా లేదు. చిన్న తరగతుల్లో చెప్పి హైస్కూల్లో వదిలేస్తే ఏం నిలుస్తుందని సమర్థకులు వాదించారు. ఆ మాట తోసిపుచ్చలేం.

దాదాపు సగం రాష్ట్రాలు డబ్బు వద్దన్నాయి. 2009లో 1996 నాటి ఆ పద్దు గడువు తీరింది. మరుసటేడే ఒబామా ఆరోగ్య బీమా చట్టంలో ఎక్కి తిరిగొచ్చింది, అవే 5 కోట్లతో. 2015లో మెడికేర్ డాక్టర్ల ఫీజుల బిల్లు ఆసరాతో 7.5 కోట్లయింది. 2018లో ఇంకో బడ్జెట్ బిల్లు దానికి ‘సెక్సువల్ రిస్క్ అవాయిడెన్స్’ అని పేరు పెట్టి, ఏటా 7.5 కోట్లను అలాగే ఉంచింది.