వర్షమాపకం నుండి వైర్‌లెస్ యంత్రం దాకా

రెవెన్యూ శాఖలో పనిచేసిన మిత్రులకు వర్షమాపకాన్ని పరిచయం చేయనక్కరలేదు. తాలూకా కచేరీ ఆవరణలో, కంచె నడుమ నిలిపిన సైమన్స్ వర్షమాపకంలోని నీటిని ప్రతి ఉదయం 8.30 గంటలకు కొలపాత్రలో పోసి, రిజిస్టరులో వ్రాసినవారిలో నేనూ ఒకణ్ణి. ఈనాడు రాజోలిలోని మా పెరటిలో, హైదరాబాదులో ఉండే మా అబ్బాయి అమర్చిన చిన్న వైర్‌లెస్ యంత్రం ఆ పనిని తనంతట తానే చేస్తున్నది. ఈ రెంటి నడుమ గడచిన చరిత్రను సంగ్రహంగా మనవి చేస్తాను.

వానను కొలవడం మనవారికి కొత్త కాదు. ధాన్యాగారం ముందు మూరెడు వెడల్పు నోరుగల పాత్రను వర్షం కొలవడానికి ఉంచాలని కౌటిల్యుని అర్థశాస్త్రం చెబుతుంది. కొరియాలో 1441 నాటికే వర్షమాపకం ఉన్నది. మన రైతు లెక్క మాత్రం వేరు. మట్టి ఎంత లోతు తడిసిందో చూసి 'పదును' తేల్చేవాడు.

వాయుపీడనాన్ని తెలిపే బారోమీటరును 1643లో ఇటలీ దేశస్థుడు టోరిసెల్లి కనుగొన్నాడు. నిండగానే ఒరిగి ఖాళీ అయ్యే తొట్టి ఉపాయం 1662లో ఇంగ్లండులో క్రిస్టఫర్ రెన్‌ది. గాలివేగం కొలిచే తిరుగుడు గిన్నెలు 1846లో ఐర్లండుకు చెందిన రాబిన్సన్ చేసినవి. మన దేశంలో 1864 కలకత్తా తుఫాను, 1866, 1871 సంవత్సరాల వర్షాభావం తర్వాత, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. 1930 జనవరి 30న రష్యాలో మోల్చనోవ్ బెలూనుకు కట్టి పంపిన పరికరం ఆకాశం నుండి రేడియో ద్వారా కొలతలు తెలిపింది. మా పెరటి యంత్రం వీటన్నిటికీ వారసురాలే.

బయట స్తంభం మీది పరికరాలు బ్యాటరీతో నడుస్తూ, గదిలోని పెట్టెకు రేడియో సంకేతాలు పంపుతాయి. అమర్చేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం. గోడగాని చెట్టుగాని ఎంత ఎత్తుంటే, వర్షమాపకాన్ని కనీసం దానికి రెట్టింపు దూరంలో పెట్టాలి. ఉష్ణమాపకానికి నీడ, గాలి రెండూ కావాలి. తొట్టిలో ఆకులు, దుమ్ము చేరకుండా చూడాలి. నేను ఒక వర్షాకాలమంతా పాత కొలగొట్టాన్ని పక్కనే ఉంచి సరిచూశాను. జోరువానలో యంత్రం కాస్త తక్కువ చూపింది. తొట్టి ఒరిగే క్షణంలో కొంత నీరు లెక్కకు అందదు.

మా ఊరివారికి ఈ లెక్కల అవసరం తక్కువేమీ కాదు. రాజోలి నేతగాళ్ల ఊరు. వాన వస్తే వీధిలో పడుగు సరిచేసే పని ఆగిపోతుంది, గుంట మగ్గాలలోకి నీరు చేరుతుంది.

అయితే పెరటి యంత్రం పెరటి వానను మాత్రమే చెప్పగలదు. 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర పొంగి రాజోలిని ముంచెత్తింది. ఇళ్లు కూలాయి, మగ్గాలు పోయాయి. నేను ఏళ్ల తరబడి వ్రాసుకున్న వర్షపు నోటుపుస్తకాలూ ఆ నీటిపాలే అయ్యాయి. ఆ నీరు మా ఊరి వాన ఒక్కటే కాదు. ఉత్తర కర్ణాటకలో, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో కురిసిన కుండపోత అంతా నదిలో చేరింది. దిగువన శ్రీశైలం జలాశయానికి ఒక దశలో 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. మా పెరటిలో ఆనాడే ఎంత మంచి యంత్రం ఉన్నా, ఆ ముప్పును ముందుగా చెప్పగలిగేది కాదు.

కనుక నేను రెండు పనులు చేస్తున్నాను. మొదటిది, యంత్రం చూపిన అంకెను రోజూ పుస్తకంలో వ్రాసి, ఒక ప్రతిని మా అబ్బాయి వద్ద ఉంచడం. రెండవది, వర్షాకాలంలో తుంగభద్ర డ్యాము నుండి వదిలే నీటి వివరాలను, మంత్రాలయం వద్ద కేంద్ర జలసంఘం కొలిచే నీటిమట్టాన్ని గమనించి ఇరుగుపొరుగులకు తెలపడం. తీరిక, వ్రాత అలవాటు రెండూ ఉన్న మన పింఛనుదారులకు ఇంతకంటె తగిన వ్యాపకం ఏమున్నది? నదీతీర గ్రామాలలో ఉన్న మిత్రులు ఈ పని చేపట్టవలసిందిగా కోరుతున్నాను.