ఏడేండ్ల శిక్ష, తిరిగిరాని ప్రయాణం

ద్వీపాంతరవాసం అనగానే మనకు అండమాన్ జైలు, అక్కడి రాజకీయ ఖైదీలు స్ఫురిస్తారు. అయితే బ్రిటిష్ వారు ఈ శిక్షను భారతీయులకు విధించడానికి చాలా ముందే తమ దేశంలోని చిల్లర దొంగలకు విధించారు. ఆ చరిత్రను ఇక్కడ సంగ్రహంగా పరిశీలిద్దాం.

1718లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం, షిల్లింగు విలువ చేయని వస్తువు దొంగిలించినా 7 సంవత్సరాలు సముద్రం దాటించవచ్చు. ఈ విధంగా సుమారు 50,000 మందిని అమెరికా వలసలకు తరలించారు. 1775లో అక్కడ యుద్ధం మొదలవడంతో ఆ దారి మూసుకుపోయింది. శిక్ష పడినవారిని రేవుల్లో లంగరు వేసిన పాత ఓడల్లో కుక్కి ఉంచారు. చివరకు 1787 మే 13న 11 ఓడలు 700 మందికి పైగా ఖైదీలతో ఆస్ట్రేలియాకు బయలుదేరాయి; ఎనిమిది నెలల తర్వాత, 1788 జనవరిలో అక్కడికి చేరాయి. ఆ ఖైదీలలో అత్యధికులు దొంగతనం కేసుల్లో శిక్ష పడినవారే.

గడువు ముగియకముందే స్వదేశానికి తిరిగివస్తే ఉరిశిక్ష. గడువు ముగిసిన తర్వాతనైనా తిరుగు ప్రయాణపు ఖర్చు ప్రభుత్వం ఇచ్చేది కాదు. మగవారిలో కొందరు ఓడల్లో పనికి కుదిరి ఇల్లు చేరగలిగారు. స్త్రీలకు ఆ అవకాశమూ లేదు.

మరొక విషయం గమనించవలసి ఉంది. తొలి ఓడలతో పాటు రావలసిన శిక్షల పత్రాలు ఇంగ్లండులోనే ఉండిపోయాయి. 1789లో కొందరు తమ గడువు తీరిందని చెప్పుకున్నా, దానిని నిర్ధారించే ఆధారం గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ వద్ద లేదు. పత్రాలు వచ్చేదాకా వారు పని చేయక తప్పలేదు. 1782లో శిక్ష పడిన జేమ్స్ రూస్ ఐదేండ్లు పాత ఓడలోనే గడిపాడు. విడుదల కోరిన అతనికి ఫిలిప్ 1789లో సేద్యానికి కొంత నేల అప్పగించాడు. 1792లో 30 ఎకరాలకు పట్టా వచ్చింది. ఆ నేల అంతవరకు అక్కడి ఆదివాసులది. వారితో ఏ ఒప్పందమూ జరగలేదు.

1868 వరకు సుమారు 1,62,000 మంది ఇలా ఆస్ట్రేలియా చేరారు. మన శిక్షాస్మృతిలో 1955 సవరణతో ద్వీపాంతరవాసం స్థానంలో యావజ్జీవ కారాగారం వచ్చింది. పాత తీర్పులు చదివే విద్యార్థులు 7 అనే అంకె దగ్గరే ఆగిపోరాదని మా మనవి. కోర్టు విధించింది ఏడేండ్లే అయినా, చాలామందికి అది జీవితకాలపు శిక్ష అయింది.