షమరెల్ రమ్ బట్టీ

మారిషస్ దీవి నైరుతి కొండల్లో, ఏడు రంగుల నేలకు దగ్గరలో ఉన్న రమ్ తయారీ కేంద్రం. ఫ్రెంచి పేరు రుమెరీ ద షమరెల్. 2008లో ప్రారంభమైంది. చుట్టూ సొంత చెరకు తోట, లోపల గానుగ, రాగి బట్టీలు, పీపాల కొట్టు, చివర రుచి చూసే గది.

మారిషస్‌కు చెరకును 1639లో డచ్చివారు జావా నుంచి తెచ్చారు. వారి కాలంలోనే సారా కాచేవారని చాలా రచనలు చెబుతాయి. రమ్ పరిశ్రమకు ఆద్యుడిగా హరెల్ అనే ఆయనను పేర్కొంటారు. ఆయన మొదలుపెట్టిన సంవత్సరం కొన్నిచోట్ల 1850, మరికొన్నిచోట్ల 1852. కాచడం అంతకుముందే ఉంది గనుక దాన్ని వ్యాపార స్థాయి ఆరంభంగా తీసుకోవడమే సబబు. దక్షిణ తీరాన ఉన్న సెయింట్ ఆబిన్ వారు ముందుకు తెచ్చే 1819 కూడా తోట వయసే గాని రమ్ వయసు కాదు. సీసాల మీది సంవత్సరాలను ఈ మెలకువతోనే చదవాలి.

పైగా దీవిలో పాత రమ్ చాలావరకు మొలాసిస్‌తో చేసిందే. పంచదార తీయగా మిగిలిన నల్లని పాకం అది. చెరకు రసంతో నేరుగా కాచడానికి చట్టం 2006లో గాని వీలు కల్పించలేదని ఎక్కువమంది రాస్తారు. షమరెల్ ప్రత్యేకత ఈ రసపు రమ్మే. మన నల్లబెల్లం సారా ఈ రెంటికీ చెందదు: బెల్లంలో రసం ముందే మరిగిపోతుంది, అందులోంచి పంచదారనూ వేరుచేయరు.

చెరకు కోత సుమారు జూన్ నుంచి డిసెంబరు దాకా. గానుగ ఆడటం చూడాలంటే ఆ నెలల్లోనే వెళ్ళాలి. నరికిన చెరకు త్వరగా పులుస్తుంది; అందుకే ఆలస్యం లేకుండా ఆడిస్తారు. పిప్పి కొలిమికి ఇంధనం. రసంలో ఈస్టు కలిపితే ఒకటి రెండు రోజుల్లో, బీరుకు కాస్త అటూఇటూగా మత్తున్న ద్రవం తయారవుతుంది. దాన్ని కాచినప్పుడు మొదట వచ్చేదీ చివర వచ్చేదీ తీసేసి నడిమి భాగమే ఉంచుతారు. ఓక్ పీపాల్లో నిలవ ఉంచేటప్పుడు ఉష్ణమండలపు వేడికి ఏటా ఆవిరయ్యే పాలు స్కాట్లండు కొట్లలోకన్నా బాగా ఎక్కువ. ఇక్కడి నాలుగేళ్ళను అక్కడి నాలుగేళ్ళతో పోల్చకూడదు.

రుచి చూసే వరుస తెల్ల రమ్‌తో మొదలుపెట్టడం మంచిది. గ్లాసును ముక్కుకు మరీ దగ్గరగా పెట్టకుండా వాసన చూస్తే పచ్చి గడ్డి, కోసిన చెరకు కణుపు గుర్తొస్తాయి. ఆ తర్వాతే పీపా రమ్, దాని తర్వాత వెనీలా, పండ్లు ఊరవేసిన తియ్యని రకాలు. సందర్శకులు ఎక్కువగా కొనేలా కనిపించేవి ఈ తియ్యనివే అయినా, బట్టీ పనితనం తెలిసేది తెల్లదానిలోనే.

తెలుగువారికి ఈ చెరకుతో సంబంధం కొత్తది కాదు. 19వ శతాబ్దంలో కోరంగి రేవు మీదుగానూ కూలీలు ఇక్కడి తోటలకు చేరారు. వారికి ‘కోరింగీలు’ అన్న పేరు అలా వచ్చిందే అంటారు.

మొలాసిస్ కథ తెలుసుకోదలచినవారు ముందుగా పాంప్లెమూస్ దగ్గరి బో ప్లాన్‌కు వెళ్ళడం మేలు. 1999లో మూతపడిన అక్కడి చక్కెర మిల్లును 2002లో మ్యూజియంగా తెరిచారు.