సైన్యాన్ని విడదీసి గెలిచినవాళ్లు

18వ శతాబ్దం మధ్య వరకు యూరప్‌లో సైన్యమంటే ఒకే దండు. యాభై వేల మంది ఉన్నా ఒకటి రెండు దారుల్లోనే బారులు తీరేవారు. వెనక ఫిరంగులు, రొట్టెల బండ్లు. శత్రువు కనబడ్డాక ఆ బారును విప్పి యుద్ధానికి వరసలు కట్టడానికే గంటలు పట్టేది. పోరు ఇష్టం లేని శత్రువు ఈలోగా తప్పుకుని పోయేవాడు. ప్రతి ఆజ్ఞా సేనాపతి నోటి నుంచే రావాలి.

సైన్యంలో కంపెనీ అనే చిన్న దళం మాత్రం అప్పటికే పాత ఏర్పాటే. యుద్ధానికి విరామం వచ్చి జీతం ఆగిన మూకలు ఊళ్ల మీద పడి దోచుకుంటుంటే, ఫ్రాన్స్ రాజు ఏడో చార్లెస్ 1445లో వాళ్లలోంచి ఏరి 15 కంపెనీలను శాశ్వతంగా కొలువులో పెట్టుకున్నాడు. కాలక్రమంలో కంపెనీలు కలిసి బెటాలియన్లు, రెజిమెంట్లు అయ్యాయి. బ్రిగేడ్‌ను మాత్రం చాలాకాలం యుద్ధం కోసం కట్టి, తర్వాత విప్పేసేవారు. వీటిలో ఏదీ ఒంటరిగా యుద్ధం చేయగలిగేది కాదు.

దారి చూపించింది ఓటమి. 1757లో రోస్‌బాఖ్ దగ్గర తమకంటే చిన్నదైన ప్రష్యా సైన్యం చేతిలో ఫ్రెంచివాళ్లు చిత్తుగా ఓడిపోయారు. ఆ యుద్ధకాలంలోనే, 1760 ప్రాంతంలో, ఫ్రెంచి మార్షల్ బ్రోయ్ తన సైన్యాన్ని డివిజన్లనే పెద్ద భాగాలుగా విడగొట్టి వేర్వేరు దారుల్లో నడిపించాడు. ఆల్ప్స్ పర్వతాల్లో పనిచేసిన బుర్సే అనే అధికారికి ఆ కిటుకు ముందే తెలుసు. ఇరుకు కనుమల్లో అందరూ ఒకే దారిన పోలేరు. విడివిడిగా నడిచి, అవసరమైన చోట కలవాలి. ఈ ఆలోచనలకు ఫ్రెంచి అధికారి గిబేర్ 1772లో ప్రచురించిన గ్రంథం మరింత ప్రచారం తెచ్చింది.

డివిజన్ పద్ధతిని స్థిరపరచింది ఫ్రెంచి విప్లవం. 1793లో లక్షలాది మంది కొత్తవాళ్లు సైన్యంలోకి వచ్చిపడ్డారు. వాళ్లకు కవాతు రాదు, తుపాకి అలవాటు లేదు. అందుకే ఒక పాత బెటాలియన్‌కు రెండు కొత్తవాటిని జతచేసి ‘అర్ధ బ్రిగేడ్’లు కట్టారు. వాటితో కూర్చిన డివిజన్‌కు సొంత అశ్వికులు, సొంత ఫిరంగులు ఇచ్చారు. సాయం వచ్చేదాకా నిలబడి పోరాడగల చిన్న సైన్యం అలా తయారైంది. నా దృష్టిలో ఇందులో అసలైన సాహసం లెక్కల్లో లేదు. సేనాపతి తన కంటికి కనబడనంత దూరంలో ఉన్న మరొకడి నిర్ణయాన్ని నమ్మడానికి సిద్ధపడ్డాడు. ఇదే అసలు సాహసం.

నెపోలియన్ ఈ డివిజన్లను కలిపి కోర్‌లు చేశాడు. ఈ పద్ధతి ఎంత గట్టిదో 1806 అక్టోబరు 14న ఆవర్‌స్టెట్‌లో తేలింది. నెపోలియన్ యేనా దగ్గర తాను తలపడుతున్నదే ప్రష్యా ప్రధాన సైన్యమనుకున్నాడు. నిజానికి ఆ ప్రధాన సైన్యం ఆవర్‌స్టెట్‌లో మార్షల్ దవూ నడిపిన ఒకే ఒక్క కోర్‌కు ఎదురైంది. దవూ దగ్గర ఉన్నవాళ్లు సుమారు 27,000 మంది. అవతల అంతకు రెట్టింపు దాకా ఉన్నారు. పొగమంచులో ముందుగా గుదాన్ డివిజన్ తగులుకుంది. అది హాసెన్‌హౌసెన్ గ్రామాన్ని పట్టుకుని నిలబడితే ఫ్రియాన్ డివిజన్ వచ్చి ఒక పక్కన చేరింది. చివరికి మొరాన్ డివిజన్ రెండో పక్కను కాసింది. మూడూ వేర్వేరు సమయాల్లో వచ్చాయి. అయినా వచ్చింది వచ్చినట్టు నేరుగా పోరులోకి దిగగలిగింది. ప్రష్యా సేనాపతి బ్రున్స్‌విక్ ప్రాణాంతకంగా గాయపడ్డాడు. ప్రష్యావాళ్లు కూడా ఆ ఏడాది హడావుడిగా డివిజన్లు కట్టుకున్నారు. కానీ వాటిని కలిపి నడిపే అలవాటు వాళ్ల అధికారులకు లేదు. దవూ గెలిచాడుగానీ తనవాళ్లలో నాలుగోవంతు మంది చనిపోవడమో గాయపడడమో జరిగింది. ఈ విజయం గురించి చెప్పేటప్పుడు ఆ లెక్కను దాచకూడదు.

ఓడిన ప్రష్యా ఆ తర్వాత షార్న్‌హోర్స్ట్ నాయకత్వంలో సైన్యాన్ని మొదటి నుంచీ కట్టుకుంది. 1803లో దక్కనులోని అస్సాయే దగ్గర మద్రాసు సిపాయిలతో కూడిన చిన్న సైన్యాన్ని స్వయంగా నడిపి గెలిచిన బ్రిటిష్ సేనాపతి ఆర్థర్ వెల్లెస్లీకి కూడా, 1809 జూన్‌లో పోర్చుగల్‌లో తన సేనను డివిజన్లుగా విభజించక తప్పలేదు.

ఆ అంచెలే ఇప్పుడు మన సైన్యంలోనూ ఉన్నాయి. సుమారు 120 మంది ఉండే కంపెనీని మామూలుగా మేజర్ నడుపుతాడు. దాదాపు 800 మంది ఉండే బెటాలియన్‌కు అధిపతి కల్నల్. సాధారణంగా మూడు బెటాలియన్ల బ్రిగేడ్‌కు ఒక బ్రిగేడియర్, మూడు బ్రిగేడ్ల డివిజన్‌కు ఒక మేజర్ జనరల్ ఉంటారు. ఆ మేజర్ జనరల్ చేతికింద ఫిరంగి దళం, వంతెనలు కట్టే ఇంజనీర్లు, సిగ్నల్స్ వాళ్లు కూడా ఉంటారు.