బోర్డు మీద మిగిలిన సింధియా

సాయంత్రం డ్యూటీ దిగే వేళకు విశాఖపట్నం సింధియా బస్టాండులో నిలబడి చూడాలి. భుజానికి సంచి, సంచి పట్టీకి వేలాడే హెల్మెట్, చేతిలో ఖాళీ క్యారేజీ. షిప్‌యార్డు వాళ్లు, నేవల్ డాక్‌యార్డు వాళ్లు, రిఫైనరీ కాంట్రాక్టు కూలీలు కలగలిసి బస్సుల వైపు నడుస్తారు. కిటికీలోంచి చేతిరుమాలు వేసి సీటు పట్టేవాళ్లు ఉండనే ఉంటారు. ‘మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక’ అని కండక్టర్ కేక. ఎదురొచ్చే బస్సు నుదుటి మీద ‘సింధియా’ బోర్డు.

ఎక్కడి సింధియా! గ్వాలియర్ మహారాజుల ఇంటిపేరు అది. 1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ మొదలైనవాళ్లు ‘లాయల్టీ’ అనే ఓడ కొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డవాళ్ల కోసం గ్వాలియర్ మహారాజు ఆసుపత్రి ఓడగా నడిపించింది దాన్నే. అందుకే కొత్త కంపెనీకి సింధియా స్టీమ్ నావిగేషన్ అని పేరు పెట్టుకున్నారు. ఆ ఏడాది ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరింది. ఇప్పటికీ జాతీయ నౌకాయాన దినం ఆ రోజే.

తెల్లవాళ్ల కంపెనీల చేతిలో ఉన్న సముద్రంలో ఓడ నడిపితే చాలదు, మన ఓడ మనమే కట్టుకోవాలన్నది వాల్‌చంద్ పట్టుదల. విశాఖ రేవు 1933లో తెరుచుకుంది. దాని పక్కనే 1941 జూన్ 21న బాబూ రాజేంద్ర ప్రసాద్ సింధియా ఓడల యార్డుకు శంకుస్థాపన చేశారు. ఆ చోటికి పెట్టిన పేరు గాంధీగ్రామ్. ఏడాది తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. యుద్ధం పనిని వెనక్కు లాగింది. చివరికి 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా ‘జల ఉష’ నీళ్లలోకి జారింది. స్వాతంత్ర్యం వచ్చి ఏడు నెలలే అయింది. ఆ ఓడకు చెమటోడ్చినవాళ్ల మనవళ్లు ఈ బస్సుల్లో ఇవాళ కూడా ఎక్కుతూ ఉండవచ్చునన్న ఊహే నన్ను ఇక్కడ నిలబెడుతుంది.

1952లో యార్డులో ఎక్కువ వాటా ప్రభుత్వం తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డు అని పేరు మార్చింది. 1961కి సింధియా వాటా పూర్తిగా పోయింది. కాగితాల మీద చెరిగిన పేరు జనం నోట్లో నిలిచిపోయింది. పేటకూ అదే, బస్టాండుకూ అదే.

మల్కాపురం దగ్గర 1957 నాటి రిఫైనరీని కట్టింది కాల్‌టెక్స్. 1978లో అది హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. గాజువాకలో కూర్మన్నపాలెం వైపు తిరిగితే ఉక్కు ఫ్యాక్టరీ. అక్కడ తీరు వేరు: ఎంత పెద్ద కర్మాగారం వచ్చినా బస్సు బోర్డు మీద పాత పల్లె పేరు చెక్కుచెదరలేదు. ఎన్‌ఏడీ వైపు తిరిగితే భారీ పాత్రలు, ప్లేట్లు తయారుచేసిన బీహెచ్‌పీవీ. 1966లో పుట్టిన ఆ సంస్థ 2013లో బీహెచ్‌ఈఎల్‌లో కలిసిపోయింది.

ఈ ఊరి బడిపిల్లలకు చరిత్ర పాఠం సింధియా బస్టాండులో మొదలుపెట్టి, టికెట్టు కొనిచ్చి ఈ దారంతా తిప్పాలి. చీకటి పడేవేళకు బస్సు గాజువాక దాటుతుంది. నిలుచున్నవాళ్లను తోసుకుంటూ కండక్టర్ ముందుకొచ్చి అరుస్తాడు: ‘బీహెచ్‌పీవీ దిగేవాళ్లు రండమ్మా, రండి బాబూ!’