కరివేపాకు కొమ్మకు దోమతెర

సత్యనారాయణపురంలో ఓ రెండంతస్తుల ఇంటి డాబా ఎక్కారు మీరు. శ్రావణమాసం. రాత్రి వాన పడి వెలిసింది. పొద్దున్న ఎనిమిదిన్నరకే బెజవాడ ఎండ వీపు మీద చురుక్కుమంటోంది. ట్యాంకు నీడ దాటితే, సగానికి కోసిన నీలం డ్రమ్ములో కరివేపాకు చెట్టు, మీ భుజం ఎత్తున.

"ముదురాకులో వెతక్కండి. చిగుళ్లు చూడండి," అంటారు ఆ ఇంటి పిన్నిగారు.

వంగుతారు. లేతాకు అంచున పసుపు గుడ్డు, ఆవగింజంత. పెట్టిన తల్లి ఇంకా ఇక్కడే తిరుగుతోంది. నల్లటి రెక్కల నిండా లేత పసుపు మచ్చలు, వెనక రెక్క చివర ఎర్రటి మచ్చ. నిమ్మ సీతాకోకచిలుక. వాలీ వాలకుండా ముందుకాళ్లతో ఆకును తడుముతుంది. నిమ్మో, మారేడో, కరివేపాకో అని రుచి తెలిశాకే పొట్ట వంచి ఒక గుడ్డు అంటిస్తుంది. రెక్కలు ఆపకుండానే ఇంకో కొమ్మకు పోతుంది. తెనాలి వైపు నిమ్మ రైతుకు ఇది చీడ. నారును బోడి చేసేస్తుంది గనక ఆయన కోపంలో న్యాయం ఉంది. ఈ డాబా మీద మాత్రం దీనికి నాలుగాకులు పెట్టగలం.

కింది రెమ్మ తిప్పండి. ఆకు మీద పిట్ట రెట్ట పడి ఉంది. కాసేపు చూస్తే అది కదులుతుంది. మొదటి నాలుగు దశలూ పురుగు ఈ వేషంలోనే గడుపుతుంది. ఐదో దశలో ఆకుపచ్చకు మారి, చిటికెన వేలంత లావెక్కుతుంది. అలాంటిది ఒకటి పై కొమ్మన ఉంది. మెల్లగా వేలు తగిలించండి. తల వెనక నుంచి నారింజ రంగు జంట కొమ్ములు బయటికొచ్చి, పులిసిన ఘాటు వాసన ముక్కుకు కొడుతుంది. 1965లో అమెరికాలో థామస్ ఐస్నర్, ఇవోన్ మైన్‌వాల్డ్ ఇదే కుటుంబానికి చెందిన పురుగును పరీక్షించి, ఆ వాసన రెండు ఆమ్లాలదని, దానికి చీమలు వెనక్కి తగ్గుతాయని చూపించారు.

కందిరీగ తగ్గదు. అదిగో, ట్యాంకు కింది గూటి నుంచి ఒకటి వచ్చింది. కాళ్లు వేలాడేసుకుని కొమ్మ కొమ్మా వెతుకుతోంది. మీరు చెయ్యెత్తేలోపే చిన్న పురుగు మీద పడింది. దవడలతో కోసి, నమిలి ముద్ద చేసుకుని, గూట్లో పిల్లలకు మోసుకుపోయింది. ఆకు మీద తడి మరక మిగిలింది.

"ఆ గూటికి నిప్పు పెట్టించనా?" పిన్నిగారి గొంతులో కోపం.

వద్దండి. మీ వంగ మొక్కల మీది పురుగులను ఏరుకుపోయేదీ అదే. దాన్ని కాలిస్తే రేపు తొండ వస్తుంది, పిగిలిపిట్ట వస్తుంది. ఎన్నింటితో తగవు పెట్టుకుంటారు? చంపకుండా కాచుకునే దారి ఉంది.

అసలు ముప్పు కంటికి ఆననిది. పక్క చిగురు మీద గుడ్డు చూడండి, మొత్తం నల్లగా నిగనిగలాడుతోంది. అందులో పెరుగుతున్నది సీతాకోకచిలుక బిడ్డ కాదు. ట్రైకోగ్రామా అనే కందిరీగ జాతి పురుగు ఆ గుడ్డులో తన గుడ్డు పెట్టింది. అది మిల్లీమీటరు పొడవు కూడా ఉండదు. ఇక్కడి నుంచి బందరు రోడ్డు పట్టుకుని ఉయ్యూరు వైపు వెళ్తే, చెరకులో పీకపురుగును అదుపు చేయడానికి దీని కార్డులే ఆకులకు తగిలిస్తారు. రైతుకు నేస్తం, మన చిగురు మీద దొంగ. దాని మీద నాకు పగ లేదు. కానీ దానికంటే ముందు మనం చేరుకోవాలి. ఎదిగిన పచ్చ పురుగును చూసి ముచ్చటపడి ఇంట్లోకి తెచ్చుకుంటారు చాలామంది. అప్పటికే దాని ఒంట్లో టాకినిడ్ ఈగ పిల్ల ఉండొచ్చు. కాపలా గుడ్డు నాడే మొదలవ్వాలి.

కత్తెర తీసుకోండి. పసుపు గుడ్డున్న ఆకును కాడతో సహా కోసి, అడుగున తడి దూది పెట్టిన గాజు సీసాలో ఉంచండి. మూతికి దోమతెర చాలదు, దాని కన్నాల్లోంచి ట్రైకోగ్రామా సులువుగా దూరుతుంది. పాత పంచె గుడ్డ కట్టి దారం బిగించండి. సీసాను నీళ్ల పళ్లెంలో నిలబెట్టండి. పాలగిన్నెకు చీమలు పట్టకుండా మనిళ్లలో చేసే పనే ఇది. ఎండ మాత్రం తగలనివ్వకండి, గాజు లోపల పురుగు ఉడికిపోతుంది.

మూడు నాలుగు రోజుల్లో గుడ్డు పగులుతుంది. ఆకు అయిపోతే బజారు కట్ట విప్పకండి. పెదవడ్లపూడి వైపు పొలాల నుంచి వచ్చే కరివేపాకుకు మందు కొడతారు. ఎంత కడిగినా ఆకులో మిగిలిన చుక్క ఈ పురుగుకు చాలు. మన చెట్టు ఆకే పెట్టాలి.

పురుగు కాస్త పెద్దదయ్యాక తిరిగి కొమ్మ మీదే వదలొచ్చు. పిన్నిగారు పాత దోమతెర ముక్కను సంచిలా కుట్టి తెచ్చారు. కొమ్మకు తొడిగే ముందు ప్రతి ఆకూ తిప్పి చూస్తున్నారు. సాలీడు లోపల చిక్కుకుంటే దానికే విందు. రెండు చివరలూ గుడ్డ పేలికతో కట్టారు.

పురుగు పల్చటి రెట్ట వేసి, తినడం మాని అటూ ఇటూ తిరిగిన రోజున మళ్లీ ఇంట్లోకి తెచ్చేయాలి. నడుముకు పట్టుదారం చుట్టుకుని అది ప్యూపాగా మారేటప్పుడు, చర్మం ఇంకా మెత్తగా ఉండగానే గుడ్లు పెట్టాలని టెరోమలస్ అనే మరో చిన్న కందిరీగ పక్కనే కాచుకుని కూర్చుంటుంది. తర్వాత ఆ ప్యూపాకు చిల్లు పడి పదుల కొద్దీ కందిరీగలు బయటికొస్తాయి.

పిన్నిగారు నాలుగు గుడ్లు సీసాలోకి తీశారు. మిగతావి చెట్టు మీదే వదిలేశారు, కందిరీగ వాటా కందిరీగకు. అంతలో కింద నుంచి కోడలి కేక.

"అత్తయ్యా, చారులోకి కరివేపాకు!"

"తెస్తున్నానమ్మా, తెర కట్టింది వదిలేసి అటుపక్క రెమ్మ కోస్తున్నా!"